0.32 రివాల్వర్ తూటా, 0.32 పిస్టల్ తూటా: ఆత్మరక్షణకు ఏది మేలు

ప్రొద్దుటూరు బంగారు వ్యాపారులలో, కడప జిల్లాలో రాతి గనులు నడిపేవారిలో, ఊరికి దూరంగా తోటల్లో కాపురముండే రైతులలో చిన్న తుపాకీకి లైసెన్సు ఉన్నవారు కొందరు కనిపిస్తారు. దరఖాస్తు పెట్టిన నాటి నుంచి పోలీసు విచారణ పూర్తయి కలెక్టరు గారి సంతకం పడేవరకు ఎంత కాలం పట్టిందో, తుపాకీకి ఎంత ఖర్చయిందో వీరు వివరంగా చెబుతారు. అందులో వేసుకున్న తూటా ఏదని అడిగితే మాత్రం చాలామంది "ముప్పై రెండు" అని ఊరుకుంటారు. ఆ పేరు మీద మన దుకాణాల్లో రెండు వేర్వేరు తూటాలు అమ్ముతారు. ఒకటి తిరిగే సిలిండర్‌లో తూటాలు ఉండే రివాల్వర్‌ది, రెండోది పిడిలోని మ్యాగజైన్‌లో తూటాలు ఉండే పిస్టల్‌ది. బంగారు వ్యాపారంలో ఉన్నవాడిగా నా లైసెన్సు మీద రెండు ఆయుధాలూ ఉన్నాయి కనుక, అనుమతి ఉన్న రేంజిలో, అంటే కాల్పుల సాధన స్థలంలో, రెంటితోనూ సాధన చేస్తూ వస్తున్నాను కనుక, ఈ రెండు తూటాల గుణదోషాలను పోల్చి చెప్పదలచాను. నా నిర్ణయం ముందే చెబుతాను: కొత్తగా లైసెన్సు పొంది ఆత్మరక్షణ కోసమే చిన్న తుపాకీ కొనేవారికి రివాల్వర్ తూటాయే మేలు. బలంలో అది పిస్టల్ తూటా కంటే కొంచెం తక్కువ. అయినా అదే మేలని అనడానికి నాకు కారణాలున్నాయి.

మన దేశంలో ఎంపిక మొదటి నుంచీ ఇరుకే. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం 9 మిల్లీమీటర్ల పిస్టల్ వంటివి నిషిద్ధ బోరు (బోరు అంటే బ్యారెల్ లోపలి వెడల్పు) కిందికి వస్తాయి కాబట్టి, పోలీసులు, సైనికులు వాడే ఆ తూటా సామాన్య లైసెన్సుదారుకు దొరకదు. మిగిలినవి ప్రధానంగా అంగుళాల లెక్కలో చెప్పే 0.32, 0.22 బోర్లు. 2019లో చట్టాన్ని సవరించిన తర్వాత ఒక వ్యక్తి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచినది కూడా ఆ సవరణే. తూటాలు ఒక్కసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. మన దగ్గర విరివిగా దొరికే తూటాలు పుణె దగ్గరి ఖడ్కీ ఆయుధ కర్మాగారంలో తయారవుతాయి. 1869లో మొదలైన ఆ కర్మాగారం, 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విభజించినప్పుడు మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వెళ్లింది. తూటా వెనుక ఇత్తడి మీద కనిపించే కె.ఎఫ్. అక్షరాలు ఆ కర్మాగారం గుర్తు.

రెండు తూటాలను పక్కపక్కన బల్ల మీద నిలబెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. రివాల్వర్ తూటా పొడవుగా, నిటారుగా ఉంటుంది. దాని అడుగున ఇత్తడి అంచు చుట్టూ బయటికి పొడుచుకు వచ్చి, వేలితో తడిమితే గోరుకు తగులుతుంది. సిలిండర్ గదిలో వేసినప్పుడు తూటా లోపలికి జారిపోకుండా ఆపేది ఆ అంచే. 1896 నుంచి వాడుకలో ఉన్న ఈ తూటాను స్మిత్ అండ్ వెసన్ లాంగ్ అంటారు. పిస్టల్ తూటా పొట్టిగా ఉంటుంది, అంచు చాలా కొద్దిగా మాత్రమే బయటికి వస్తుంది, దాని పైన ఇత్తడిలో ఒక గాడి ఉంటుంది. జాన్ బ్రౌనింగ్ 1899లో రూపొందించిన తూటా ఇది, దీనినే 7.65 అని కూడా అంటారు. కొనేటప్పుడు బిల్లు మీద 0.32 అని మాత్రమే ఉంటే చాలదు, రివాల్వర్‌దా పిస్టల్‌దా అన్నది కూడా రాయించుకోవాలి. పిస్టల్ తూటా రివాల్వర్ సిలిండర్‌లో పడుతుంది, కొన్నిసార్లు పేలుతుంది కూడా. పట్టింది కదా అని కాల్చడం ప్రమాదం. పిస్టల్ తూటాలో పుట్టే పీడనం చదరపు అంగుళానికి 20,500 పౌండ్ల వరకు ఉండవచ్చు, రివాల్వర్ తూటాకు నిర్ణయించిన పరిమితి 15,000 పౌండ్లు మాత్రమే. తక్కువ పీడనానికి తయారైన సిలిండర్‌లో ఎక్కువ పీడనం పుట్టించే తూటా వేస్తే, నష్టం ముందుగా జరిగేది తుపాకీ పట్టుకున్న చేతికే. ఇంట్లో రెండు ఆయుధాలూ ఉన్నవారు తూటాలను ఒకే డబ్బాలో కలిపి పెట్టకూడదని నేను పదే పదే చెప్పేది అందుకే.

ఇక బలం సంగతి. రివాల్వర్ తూటాలో ప్రామాణికంగా వాడే సీసపు గుండు (తూటాలో బయటికి దూసుకుపోయే ముందు భాగం) 98 గ్రెయిన్లు, అంటే సుమారు 6.35 గ్రాములు; అది సెకనుకు సుమారు 215 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. పిస్టల్ తూటాలోని రాగి తొడుగు గుండు 71 గ్రెయిన్లు, అంటే 4.6 గ్రాములు, దాని వేగం సుమారు 275 మీటర్లు. లెక్క కడితే మొదటిదానికి దాదాపు 147 జౌళ్లు, రెండోదానికి దాదాపు 175 జౌళ్ల శక్తి వస్తుంది. పొట్టి బ్యారెల్ ఉన్న తుపాకుల్లో ఇవి రెండూ ఇంకా తగ్గుతాయి. 9 మిల్లీమీటర్ల సర్వీసు తూటాకు ఇందులో రెండున్నర రెట్లకు పైగా శక్తి ఉంటుంది కాబట్టి, 0.32 బోరులో ఏది ఎంచుకున్నా మన చేతిలో ఉన్నది చిన్న తూటాయేనన్న సంగతి మరచిపోకూడదు. ఈ రెంటి మధ్య ఉన్న 28 జౌళ్ల తేడాను పట్టుకొని పిస్టల్ గొప్పదని వాదించేవారిని చాలామందిని చూశాను. ఆ కొద్దిపాటి తేడా ఆపదలో ఉన్న మనిషికి చేసే మేలు కంటే, నొక్కిన ప్రతిసారీ పేలడమూ, గురి పెట్టిన చోట తగలడమూ చేసే మేలు ఎన్నో రెట్లు ఎక్కువ. తూటాను తూచవలసింది ఈ రెండు గుణాలతోనే.

నొక్కితే పేలడం అన్న లెక్కలో రివాల్వర్ తూటాకు పుట్టుకతోనే ఒక అనుకూలత ఉంది. తూటా పేలినా పేలకపోయినా సిలిండర్‌ను తిప్పేది ట్రిగ్గర్ నొక్కే వేలు. ఒకటి తుస్సుమంటే, మళ్లీ నొక్కగానే తర్వాతి గది ముందుకొస్తుంది. పిస్టల్‌లో మొదటి తూటా పేలితేనే దాని శక్తితో పై భాగంలో కదిలే స్లైడు వెనక్కి వెళ్లి, ఖాళీ ఇత్తడి గొట్టాన్ని బయటికి విసిరి, కొత్తదాన్ని ఎక్కిస్తుంది. పేలని తూటా అడ్డు పడితే రెండో చేత్తో స్లైడు లాగి దాన్ని బయటికి తీయాలి. ప్రశాంతంగా ఉన్నప్పుడు ఇది సులువే. రాత్రి షట్టర్ దించే వేళ, ఒక చేతిలో నగల సంచి ఉన్న మనిషికి ఆ రెండో చేయి ఖాళీగా ఉండదు.

పిస్టల్ తూటాకు ఇంకొక చిక్కు ఉంది. కొద్దిగా బయటికి వచ్చే ఆ అంచు వల్ల, మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనుక పడితే రెండూ ఒకదానికొకటి తట్టుకొని కదలకుండా బిగుసుకుపోతాయి. మ్యాగజైన్ నింపేటప్పుడు ప్రతి తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండేలా ఒక్కొక్కటే వెనక్కి జరిపి పెట్టాలి. గుండ్రటి మూతి, సరైన పొడవు ఉన్న రాగి తొడుగు తూటాలలో ఇది అరుదుగా జరుగుతుంది, పొట్టిగా ఉన్నవాటిలో ఎక్కువ. పిస్టల్ ఉన్నవారు గుండ్రటి మూతి తూటానే అడిగి తీసుకోవడం మంచిదనేది ఇందువల్లే.

మూతిలో గుంట ఉన్న, తగలగానే విచ్చుకునే తూటా గురించి చాలామంది ఆశగా అడుగుతారు. 9 మిల్లీమీటర్ల వంటి బలమైన తూటాలలో దానికి అర్థముంది. 0.32 పిస్టల్‌లో వేగం తక్కువ గనుక ఆ గుండు తరచుగా విచ్చుకోదు, విచ్చుకుంటే తగినంత లోతుకు పోకుండానే ఆగిపోతుంది. దాని కోసం వెతుక్కుంటూ తిరగడం వృథా అని నా గట్టి అభిప్రాయం.

గురి విషయానికి వస్తే రివాల్వర్ తూటాకు ఉన్న పేరు చిన్నది కాదు. అంతర్జాతీయ షూటింగ్ పోటీలలో 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ విభాగంలో క్రీడాకారులు ఎక్కువగా వాడేది ఈ 0.32 లాంగ్ తూటానే, అయితే చదును మూతి సీసపు గుండుతో. తక్కువ పీడనం వల్ల అది చేతిలో మెత్తగా తంతుంది, తన్నుడు మెత్తగా ఉంటే చేయి భయపడదు, చేయి భయపడకపోతే రెండో గుండు మొదటిదానికి దగ్గరగా పడుతుంది. కాన్పూరులో తయారయ్యే ఆరు గుళ్ల రివాల్వర్లు ఈ తూటాకు సరిపోయేవే. 2014లో విడుదలైన నిర్భీక్ కూడా ఈ తూటాదే. టైటానియం మిశ్రమంతో చేసిన ఆ రివాల్వర్ బరువు అర కిలో. అంత తేలికపాటి రివాల్వర్‌లో బలమైన తూటా అయితే చేయి నొప్పెడుతుంది. ఈ తూటాతో మాత్రం ఆడవారూ పెద్ద వయసువారూ ఇబ్బంది లేకుండా సాధన చేయడం నేను రేంజిలో చూశాను. ఒక లోపం చెప్పక తప్పదు. ఈ రివాల్వర్ల ట్రిగ్గర్ డబుల్ యాక్షన్‌లో, అంటే ఒక్క నొక్కుతోనే సుత్తిని వెనక్కి ఎత్తి కాల్చేటప్పుడు, బిగువుగా ఉంటుంది, వేలికి అలవాటు కావాలంటే సాధన తప్పదు. పిస్టల్ ట్రిగ్గర్ దీనికంటే తేలిక. మొదటి గుండు గురి పెట్టి కాల్చడంలో పిస్టల్ కొందరికి బాగా కుదురుతుంది. బ్యారెల్ శుభ్రత విషయంలో కూడా రాగి తొడుగు గుండుదే పైచేయి, ఎందుకంటే సీసపు గుండు బ్యారెల్ లోపల మసి, సీసపు పూత వదులుతుంది. సీసపు గుండ్లతో సాధన చేసిన తర్వాత బ్రష్ వేసి తుడవాలి, చేతులు సబ్బుతో కడుక్కోనిదే తిండి ముట్టకూడదు.

0.22 తూటా గురించి రెండు మాటలు చాలు. 1887 నాటి ఈ తూటాలో నిప్పు రగిలించే మందు, మిగతా తూటాలలోలాగా అడుగున మధ్యలో ఉండే క్యాప్ అనే చిన్న మూతలో కాకుండా, అంచు లోపల పూతగా ఉంటుంది. ఆ పూత ఎక్కడైనా పలచబడితే, సరిగ్గా అక్కడే తుపాకీలోని కొట్టే పిన్ను తగిలితే పేలదు. సాధనకు, పోటీలకు ఇది అద్భుతమైన తూటా, ఖర్చు తక్కువ, చేతికి తన్నుడే తెలియదు. ఆత్మరక్షణకు దీనినే నమ్ముకోమని నేను ఎవరికీ చెప్పను.

మన ప్రాంతపు ఇళ్ల సంగతి వేరుగా చెప్పాలి. నాపరాయి పరిచిన నేల, రాతి గోడలు, రాతి కడపలు ఉన్న ఇంట్లో గురి తప్పిన గుండు ఎటు పోతుందో చెప్పలేం. తక్కువ కోణంలో రాయికి తగిలితే పక్కకు ఎగిరిపోతుంది, అది రాగి తొడుగుదైనా సీసానిదైనా. సీసం మెత్తనిది గనుక గట్టి రాతికి ఎదురుగా తగిలినప్పుడు నలిగి శక్తి కోల్పోయే అవకాశం ఎక్కువ. రాగి తొడుగు గుండు తన ఆకారాన్ని ఎక్కువసేపు నిలుపుకుంటుంది, పలచటి తలుపులు, రేకుల గోడలైతే దాటి అవతలికి పోతుంది. ఉమ్మడి కుటుంబాలలో పక్క గదిలో పిల్లలు నిద్రపోతుంటారు. రివాల్వర్ తూటా నెమ్మదైన వేగం, మెత్తటి గుండు ఇక్కడ మనకు అనుకూలమే అయినా, ఎటువైపు కాల్చకూడదో ఇంట్లో నిలబడి ముందే చూసుకోవడం తూటా ఎంపిక కంటే ముఖ్యం. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును వివరిస్తాయి. 37వ సెక్షన్ ప్రకారం రక్షణకు అవసరమైనంత కంటే ఎక్కువ హాని చేయడానికి ఆ హక్కు వర్తించదు, పోలీసుల సాయం పొందడానికి సమయం ఉన్నప్పుడు అసలు ఆ హక్కే ఉండదు. తుపాకీ తీయక తప్పని ఘడియ ఎంత అరుదో, ఆ ఘడియలో తూటా పేలడం ఎంత అవసరమో ఆ సెక్షన్లు చదివితే తెలుస్తుంది.

తూటాను ఎలా దాచామన్న దానిమీద దాని నమ్మకం సగం ఆధారపడి ఉంటుంది, కడప ఎండలు ఈ విషయంలో మనకు శత్రువులు. మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు అరలో గానీ, రేకుల కప్పు కింద ఉన్న దుకాణపు సొరుగులో గానీ తూటాలు వదిలేయకూడదు. అధిక వేడి ఏళ్ల తరబడి తగిలితే లోపలి మందు పాడవుతుంది, వేగం ఒక్కో తూటాకు ఒక్కో రకంగా మారుతుంది. ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే గదిలో, తాళం వేసిన బీరువాలో, తుపాకీకి వేరుగా దాచాలి. తోలు బెల్టు గుంతల్లో నెలల తరబడి ఉంచిన తూటాలను బయటికి తీసి చూస్తే, తోలు తగిలిన మేర ఇత్తడి మీద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. తోలు శుద్ధికి వాడే పదార్థాలు ఇత్తడిని తినడమే దానికి కారణం. చిలుము పట్టిన తూటా సిలిండర్‌లోకి సాఫీగా దిగదు, పేలాక బయటికి సాఫీగా రాదు. తుపాకీకి నూనె పెట్టిన చేత్తోనే తూటాలు ముట్టుకోవడం ఇంకొక చెడ్డ అలవాటు. పలచటి నూనె క్యాప్ అంచు గుండా లోపలికి ఇంకితే మందు చచ్చిపోతుంది, పైకి మాత్రం తూటా నిగనిగలాడుతూనే ఉంటుంది. తుపాకీని నూనె పెట్టి, పొడిబట్టతో పూర్తిగా తుడిచాకే తూటాలు ఎక్కించాలి.

కొనేటప్పుడు దుకాణంలో నేను చూసేవి ఇవి. పెట్టె మూసి ఉండాలి, తయారీ సంవత్సరం, లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు కనిపించాలి. ఒక్క తూటాను వెలుతురులో తిప్పి చూస్తే క్యాప్ ఇత్తడితో సమంగా లేదా వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. పైకి పొడుచుకు వచ్చిన క్యాప్ ఉంటే రివాల్వర్ సిలిండర్ తిరగడానికి అడ్డుపడుతుంది. గుండును వేళ్ల మధ్య పట్టి మెల్లగా తిప్పితే అది ఇత్తడి గొట్టంలో కదలకూడదు. ఒకే లాట్ నుంచి లైసెన్సు అనుమతించినంత తీసుకొని, అందులో కొంత భాగాన్ని అదే తుపాకీతో రేంజిలో కాల్చి చూడాలి. ఆ లాట్ అంతా సాఫీగా పేలితే మిగిలినవి ఇంటికి నిశ్చింతగా ఉంచుకోవచ్చు. సాధనలో ఏదైనా పేలకపోతే తుపాకీని గురి వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. ఆ లాట్‌లో ఒకటి కంటే ఎక్కువ పేలకపోతే మిగిలినవాటిని ఆత్మరక్షణకు ఉంచుకోకూడదు. ధర చూసి లాట్ మార్చుకోవడం, తక్కువకు వస్తుందని పాత సరుకు తీసుకోవడం నాకు ఏ మాత్రం నచ్చని పనులు. కొన్న సంఖ్యను దుకాణదారు లైసెన్సులో నమోదు చేసి సంతకం పెట్టాడో లేదో అక్కడే చూసుకోవాలి. తనిఖీలో లెక్క తేలకపోతే ఇబ్బంది పడేది లైసెన్సుదారే.

పెళ్లిళ్లలో, జాతరలలో సంబరానికి కాల్చడం గురించి ప్రత్యేకంగా చెప్పవలసి రావడమే బాధాకరం. 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పైకి కాల్చిన గుండు ఎవరి నెత్తిన పడుతుందో కాల్చినవాడికి తెలియదు.

ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు ఆయుధాలను పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయడం మన జిల్లాలలో మామూలే. డిపాజిట్ చేసేటప్పుడు తూటాల సంఖ్య, లాట్ నంబరు రసీదులో రాయించుకోవాలి. తిరిగి తెచ్చుకున్నాక, ఆ నెలల్లో అవి ఎంత వేడి గదిలో ఉన్నాయో మనకు తెలియదు కనుక, నేను వాటిని సాధన పెట్టెలోకి మార్చి, ఆత్మరక్షణకు కొత్త లాట్ తెచ్చుకుంటాను. ఇప్పటికే పిస్టల్ ఉన్నవారు దాన్ని అమ్మి రివాల్వర్ కొనాలని నేను అనను. గుండ్రటి మూతి రాగి తొడుగు తూటా, జాగ్రత్తగా నింపిన మ్యాగజైన్, పేలని తూటాను తీసేసే సాధన ఉంటే ఆ పిస్టల్ చక్కగా పనికొస్తుంది. తాతల నాటి రివాల్వర్‌తో పాటు బీరువాలో పాత తూటాలు దొరికిన కుటుంబాలు మాత్రం వాటిని కాల్చి చూడకుండా, చెత్తలో పడేయకుండా, లైసెన్సు పట్టుకొని స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి.